నాలుగు నిమిషాలు ఆలస్యంగా మోగిన గంట

మా సందు పిల్లలకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పిల్లలంటే అందరం అరవైకి అటూ ఇటూ ఉన్నవాళ్ళమే. పొద్దున్న లేస్తే చాలు, "ఆ రోజులే వేరు" అని ఒకరు మొదలుపెడతారు, "మళ్ళీ రావు" అని ఇంకొకరు అందుకుంటారు, మిగతావాళ్ళు వరసగా ఏడుపు మొహాల బొమ్మలు పెడతారు. కుళాయి దగ్గర బిందెల కోసం జుట్లు పట్టుకున్నవాళ్ళ పిల్లలే ఇప్పుడు "మనదంతా ఒకే కుటుంబం" అని రాస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అలాగని గ్రూపులోంచి బయటికీ రాను. రోజుకి నాలుగైదుసార్లు తీసి చూస్తూనే ఉంటాను.

పోయిన నెల, మా బడికి వందేళ్ళు నిండుతున్నాయని, సావనీరు వేస్తున్నారని, అందులో గంటత్త గురించి రెండు పేజీలు నేనే రాయాలని గ్రూపులో అందరూ తీర్మానించేశారు. "నువ్వే కదా ఆవిడ ముద్దుల మేనకోడలివి" అని ఒకడు వెక్కిరించాడు. సభకి ఆవిడని వెంటబెట్టుకుని తీసుకొచ్చే పని కూడా నాకే అంటగట్టారు. ముప్పై ఏళ్ళు లెక్కల టీచరుగా గొంతు చించుకున్నదాన్ని, రెండు పేజీలు రాయలేనా అనుకుని సరే అన్నాను. రాయడానికి కూర్చున్నాక గానీ తెలియలేదు. ఏ వాక్యం మొదలుపెట్టినా నాకు పదిహేనేళ్ళప్పుడు నేను అన్న ఒక మాట దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఆ మాట వల్ల ఆవిడ చేతిలోంచి గంట పోయింది. ఆ మాట వల్లే ఒక్కగానొక్క తమ్ముడు ఆవిడకి కాకుండా పోయాడు. అన్నది నేనని మాత్రం ఆవిడకి తెలీదు. అందుకే సావనీరు వాళ్ళు అడిగింది పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే మానేయండి.

గంటత్త మా బడిలో గంట కొట్టే అటెండరు. మా సందులో మొదటి గది ఆవిడది. సందంటే ఎదురూబొదురూ రెండు వరసల గదులు, మధ్యలో ఇద్దరు పక్కపక్కన నడిస్తే మూడోవాడు ఆగాల్సినంత దారి, చివర్లో ఒక్క కుళాయి. ఒక గదిలో దగ్గితే ఎదురింటివాళ్ళు "మందు వేసుకున్నావా" అని అడిగేవాళ్ళు. పెళ్ళయిన రెండేళ్ళకే అత్త భర్త పోయాడట. ఎనిమిదేళ్ళ తమ్ముణ్ణి తెచ్చుకుని తనే పెంచింది. ఆ తమ్ముడు పెద్దయ్యాక అదే బడిలో ల్యాబు అటెండరయ్యాడు. పొద్దస్తమానం గాజు సీసాలు కడుగుతుంటాడని ఆయనకి సీసాల మామ అని పేరు పెట్టాం. తెలియనివాళ్ళు పేరు విని, పాపం, ఆయన తాగుతాడేమో అనుకునేవాళ్ళు. "అత్త తమ్ముడు మామ ఎలా అవుతాడే, బాబాయి కావాలి గానీ" అని మా అమ్మ నవ్వేది. మా సందులో వరసలకి లెక్కాపత్రం ఉండేది కాదు.

మా సందునుంచి బడికెళ్ళే పిల్లలం ముప్పై ఒక్కమందిమి. పొద్దున్న ఎనిమిదింటికి గంటత్త గంట కొట్టే చెక్క సుత్తి చేత్తో పట్టుకుని బయల్దేరేది. బడిలో వదిలేస్తే ఎవడో కొట్టేస్తున్నాడని దాన్ని రోజూ ఇంటికి తెచ్చుకునేది. ఆ సుత్తితో ప్రతి తలుపు మీదా మూడు దెబ్బలు. ఒక్కో తలుపు దగ్గర ఒక్కో దీవెన. "ఇంకా జడలేనా? నువ్వేమైనా పెళ్ళికూతురివా?" "ఒరేయ్, ఆ మొహం నీళ్ళు చూసిందా, నీళ్ళే ఆ మొహాన్ని చూశాయా?" అందరినీ లేపి, ముందు తను వెళ్ళి, గేటు పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. మేం ఒక్కొక్కరం లోపలికి వెళ్తుంటే వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టుకునేది. తొమ్మిదికి పది నిమిషాలుందనగా మొదటి గంట. తొమ్మిదింటికి రెండో గంట. ఆ తర్వాత గేటు మూస్తారు.

అసలు కిటుకు ఆ రెండో గంటలో ఉంది. ముప్పై ఒకటి పూర్తయితే గానీ ఆవిడ దాన్ని కొట్టేది కాదు. ఎవరికైనా జ్వరమొస్తే ఆ ఇంటివాళ్ళు ముందే చెప్పాలి, లెక్కలోంచి ఒకటి తగ్గించుకుంటుంది. చెప్పకపోతే బడి మొత్తం ఎదురుచూడాల్సిందే. నిమిషమో నిమిషంన్నరో. ఒకసారి హెడ్మాస్టరు గారు వరండాలోకి వచ్చి, "గంట ఏదమ్మా?" అన్నారు. "దర్జీ వాళ్ళ చిన్నాడు రావాలి సార్. చెప్పులు కుడిదెడమకి వేసుకున్నాడట, మార్చుకుని వస్తున్నాడు" అంది. ఆయన ఇంకేమీ అనకుండా గదిలోకి వెళ్ళిపోయారు. ఆ బడికి గడియారం గోడ మీద లేదని, గేటు పక్క స్టూలు మీద ఉందని ఆయనకీ తెలుసు.

అత్తకి చదువు రాదు. గడియారం చూడటం మాత్రం తమ్ముడు నేర్పాడు. ఇంకో సంగతి చెప్పాలి. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టాక, అందరూ తిని ఆటల్లో పడ్డాక, ఆవిడ ల్యాబు వరండాలో స్తంభానికి ఆనుకుని ఒక పది నిమిషాలు కళ్ళు మూసేది. నాలుగింటికి లేచిన మనిషి కదా. ఆ పది నిమిషాలూ సీసాల మామ గుమ్మంలో నిలబడి గడియారం చూసేవాడు. టైము కాగానే గాజు కడ్డీతో పరీక్షనాళిక మీద టింగుమని ఒక్కటి కొట్టేవాడు. అత్త ఏమీ ఎరగనట్టు లేచి వెళ్ళి గంట కొట్టేది. అన్నేళ్ళలోనూ ఒక్క గంట తప్పలేదు. ఇది వాళ్ళిద్దరి గుట్టు. నేను ఒకసారి డ్రిల్లు పీరియడ్ ఎగ్గొట్టి ల్యాబు వెనక దాక్కున్నప్పుడు చూశాను. చూశానని ఎవరికీ చెప్పలేదు. అప్పటికి.

చివరి తరగతి పెద్ద పరీక్షలు. మా సందులో ఆ ఏడు రాసేవాళ్ళం ఏడుగురం. మూడో రోజు, లెక్కల పరీక్ష. ఎప్పట్లాగే తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి, లేచాను, వెళ్ళాను. గేటు దాకా వెళ్ళి సంచి చూసుకుంటే హాల్ టికెట్ లేదు. అత్త నా మొహం చూడగానే కనిపెట్టేసింది. "పరిగెత్తు. నిలబడి ఏడవకు" అంది.

పరిగెత్తాను. ముందురోజు రాత్రి కొత్త జామెట్రీ బాక్సు చూసి మురిసిపోయి హాల్ టికెట్ అందులో పెట్టి, పొద్దున్న అలవాటు కొద్దీ పాత బాక్సు తీసుకెళ్ళాను. అదీ నా తెలివి. తిరిగి వస్తుంటే సందు మొదట్లో మా అమ్మ గుండెలు బాదుకుంటూ నిలబడి ఉంది. బడి గేటు ఇంకా తెరిచే ఉంది. అత్త సుత్తి ఎత్తి పట్టుకుని నా కోసం చూస్తోంది. నేను మెట్లెక్కి గది గుమ్మం తొక్కాక గంట మోగింది. తొమ్మిదీ నాలుగు.

మామూలు రోజైతే ఎవరికీ పట్టేది కాదు. కానీ పరీక్షలకి బయటినుంచి ఒక అధికారి వచ్చి ఉన్నాడు. చేతి గడియారం చూసుకుంటూ వరండాలో తిరిగే రకం. గంట మోగే దాకా పేపర్లు ఇవ్వకూడదు. ముగించే టైము మాత్రం ఆయన ఒక్క నిమిషం కూడా జరపలేదు. మూడొందల మంది పిల్లలకి నాలుగు నిమిషాలు పోయాయి. సాయంత్రానికి వేరే వీధుల తల్లిదండ్రులు బడి మీద పడ్డారు. ఎవరో కుర్రాడు, "చివర్లో ఒకమ్మాయి పరిగెత్తుకొచ్చింది" అని చెప్పాడట. మర్నాడు విచారణ అన్నారు. నన్ను పిలుస్తారని కబురొచ్చింది.

ఆ సాయంత్రం అత్త మా ఇంటికి వచ్చింది. అమ్మ తలుపు దగ్గరికి వేసింది. "నీ కోసం ఆపానని తెలిస్తే నీ పరీక్ష రద్దు చేస్తారట. హెడ్మాస్టరు గారితో మాట్లాడాను. నేనే టైము చూసుకోలేదని ఒప్పేసుకుంటాను. తిట్టి, ఒక కాయితం ఇచ్చి వదిలేస్తారు. నువ్వు మాత్రం టైముకే వచ్చానని చెప్పు. అంతే. ఇంకొక్క ముక్క మాట్లాడావంటే చంపేస్తా" అంది. అమ్మ ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చింది. "ఏడుపెందుకు వదినా, లెక్క తప్పలేదుగా. ఏడుగురూ రాశారు" అంది అత్త.

మర్నాడు హెడ్మాస్టరు గదిలో ఆ అధికారి, ఆయన ముందు తెల్ల కాగితాలు, నేను. హెడ్మాస్టరు గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"టైముకే వచ్చావా?"

"వచ్చానండి."

"మరి గంట ఎందుకు ఆలస్యమైంది?"

తెలియదు అనాలి. నాకు నేర్పిన పాఠంలో ఆ ప్రశ్న లేదు గానీ, తెలియదు అనడానికి పాఠం ఎందుకు? ఆయన కలం ఆపి నా మొహంలోకి చూస్తున్నాడు. నమ్మడం లేదని అర్థమైంది. పరీక్ష రద్దు, ఒక ఏడాది ఇంట్లో, సందంతా జాలిగా చూడటం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

"ఆవిడ అప్పుడప్పుడు కునుకు తీస్తారండి. ల్యాబు వరండాలో" అన్నాను.

ఆయన తలూపి రాసుకున్నాడు. ఆ కలం కదలగానే నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. బయటికొచ్చాక మంచినీళ్ళు తాగి, మిగతా పరీక్షలకి చదువుకోవాలనుకుంటూ ఇంటికి నడిచాను. ఈ హాయే నన్ను ఇన్నేళ్ళూ ఎక్కువ బాధపెట్టింది. భయపడి అన్నానంటే చిన్నపిల్ల అనుకోవచ్చు. అన్నాక ఊపిరి పీల్చుకున్నానే, దానికి ఏం పేరు పెట్టాలి?

"ఏం చెప్పావే?" అంది అత్త గుమ్మంలోనే.

"నువ్వు చెప్పమన్నదే చెప్పానత్తా."

రెండు వారాలకి కాగితం వచ్చింది. చదివి పెట్టమని అత్త నా దగ్గరికే తెచ్చింది. సందులో గట్టిగా తప్పుల్లేకుండా చదివేది నేనేనని ఆవిడ గొప్ప. అమ్మ కూరగాయలు తరుగుతోంది. నేను చదివాను. విధి నిర్వహణలో ల్యాబు వరండాలో నిద్రపోయే అలవాటు ఉన్నట్టు విచారణలో తేలినందున, గంట బాధ్యత నుంచి తప్పించి, ఊరవతల ఆఫీసులో పాత ఫైళ్ళ గదికి బదిలీ చేస్తున్నాం. అలవాటు అన్న మాట దగ్గర తడబడి ఆగాను. అత్త అది జాలి అనుకుంది.

"ఎవరు చెప్పారని ఉందే?"

"పేరు లేదత్తా." లేదు. ఆ మాట నిజమే.

అత్త కాగితం నా చేతిలోంచి తీసుకుంది. తర్వాత, "ల్యాబు వరండా అని రాశారంటే వాడే. ఇంకెవరికి తెలుసు?" అంది. అమ్మ కత్తిపీట మీదినుంచి లేచి, "ఛ, ఊరుకో వదినా. కన్నకొడుకులా పెంచావు" అంది. "అందుకే చెబుతున్నా. పోయిన వారం ఆ విచారణ చేసిన పెద్దాయన చుట్టూ తిరిగాడు, ప్రమోషన్ కోసం" అంది అత్త. కాగితం మడిచి రెండు చేతుల్తో నలుపుతోంది. నేను నోరు విప్పాల్సిన చోటు అదే. ఒక్క వాక్యం. నా పరీక్షలు అప్పటికే అయిపోయాయి. అయినా మాట్లాడలేదు. పుస్తకం తీసి, ఏదో చదువుకుంటున్నట్టు నటించాను.

రెండు నెలలకి సీసాల మామకి నిజంగానే ప్రమోషన్ వచ్చింది. ఎప్పుడో రావాల్సింది, అప్పుడొచ్చింది. అత్తకి ఇంకే సాక్ష్యం కావాలి? రోజూ సాయంత్రం మూత పెట్టి తమ్ముడి గదికి పంపే పళ్ళెం ఆగిపోయింది. ఎదురైతే మొహం తిప్పుకునేది. ఆయన కాలు గాలిన పిల్లిలా సందంతా తిరిగాడు. ఒకరోజు కుళాయి దగ్గర నన్ను ఆపి, "అమ్మాయీ, అక్కకి నా మీద ఎందుకు కోపమో నీకేమైనా తెలుసా? నువ్వు దగ్గర కదా" అన్నాడు. నా బిందె నిండిపోయి నీళ్ళు పాదాల మీదికి పొర్లుతున్నాయి.

"తెలీదు మామయ్యా" అన్నాను.

ఏడాది తిరక్కుండా ఆయన వేరేచోట గది చూసుకుని వెళ్ళిపోయాడు. బడికి కరెంటు గంట వచ్చింది. మీట నొక్కితే జుయ్యిమని తొమ్మిదింటికి తొమ్మిదికే మోగేది. మొదటి వారంలో మా సందు పిల్లలు ఐదుగురు గేటు బయట మిగిలిపోయారని విన్నాను. నేను అప్పటికే పై చదువుకి వెళ్ళాను. అత్త రెండు బస్సులు మారి ఫైళ్ళ గదికి వెళ్ళొచ్చేది. "అక్కడ ఎలా ఉందత్తా?" అని సెలవులకి వచ్చినప్పుడు అడిగితే, "ఏముందే, దుమ్ము. ఒక్కటీ పలకదు, ఒక్కటీ అల్లరి చెయ్యదు" అని నవ్వింది. ఎండాకాలం సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని, బడి నుంచి వచ్చే పిల్లల్ని వేళ్ళ మీద లెక్కపెడుతూ ఉండేదట. అమ్మ చెప్పింది.

చెబుదామని ఎన్నిసార్లనుకున్నానో. ఉద్యోగం వచ్చినప్పుడు, పెళ్ళప్పుడు, అమ్మ పోయినప్పుడు. ప్రతిసారీ ఆవిడ నా తల నిమిరి, "నా పరువు నిలబెట్టావే, నీ కోసం ఆపిన గంట వృథా పోలేదు" అనేది. ఆ మాటతో నా నోరు కట్టేసేది. టీచరుగా పిల్లలకి నిజం చెప్పమని ముప్పై ఏళ్ళు నీతులు చెప్పి, లోపల ఇంత పెద్ద అబద్ధాన్ని మోసుకు తిరిగాను. రెండేళ్ళ క్రితం గ్రూపులో "సీసాల మామ పోయారట" అని వచ్చింది. అందరూ ఏడుపు బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఈ రాత మొదలుపెట్టాక ఇక ఆగలేకపోయాను. పోయిన ఆదివారం పొద్దున్నే అత్త దగ్గరికి వెళ్ళాను. ఎనభై రెండేళ్ళు. ఆ సందు ఎప్పుడో పోయింది, ఒక మేడ మీద చిన్న గదిలో ఉంటోంది. మంచం మీద ఉతికిన బట్టలు పరుచుకుని మడతలు పెడుతోంది. "రావే. సభకి ఏ బట్టలు కట్టుకోమంటావ్? వేదిక ఎక్కిస్తారట, ఈ మోకాళ్ళతో" అంది.

నేను కూర్చోకుండానే చెప్పేశాను. "అత్తా, నువ్వు వరండాలో కునుకు తీస్తావని చెప్పింది మామయ్య కాదు. నేను. విచారణలో నేనే అన్నాను."

ఆవిడ చేతిలో దిండు గలీబు అలాగే ఉంది. "ఎప్పటి మాటే ఇది?" అంది. కాసేపటికి, "నీకెన్నేళ్ళప్పుడు? పదిహేనా?" అంది.

"పదిహేను."

"పసిదానివి. భయపడి ఉంటావులే. పోనీ."

ఇన్నేళ్ళ బరువు అంత తేలిగ్గా దిగిపోతుందా అని నాకు ఒక్క క్షణం అనిపించింది. అంతలోకే ఆవిడ గలీబు పక్కన పెట్టి, నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ, "అయితే వాడు అనలేదన్నమాట" అంది.

అవునన్నట్టు తలూపాను.

"మూడుసార్లొచ్చాడు నా గుమ్మంలోకి. పెళ్ళికి పిలవడానికి ఒకసారి, బిడ్డ పుట్టినప్పుడు ఒకసారి. ఆఖరికి ఆస్పత్రినుంచి వచ్చి, ఆ మెట్లన్నీ ఎక్కి. నేను తలుపు తియ్యలేదు. లోపల ఇక్కడే కూర్చున్నాను." ఆగి, "నేనెందుకు మాట్లాడట్లేదో వాడికి తెలుసా?" అంది.

"తెలీదత్తా. నన్నడిగాడు. నేను చెప్పలేదు."

ఆవిడ లేచింది. తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను, కొట్టినా బావుండేది. చెప్పులు వెతుక్కుని వేసుకుంది. "వాడి పెళ్ళాం ఉందిగా. ఇల్లెక్కడో నీకు తెలుసా?" గ్రూపులో అడిగితే ఐదు నిమిషాల్లో తెలిసింది. "పద. ఇక్కడ చెప్పింది అక్కడ చెప్పు" అంది. కారు తీశాను. ముందు సీట్లో కూర్చోమంటే వినకుండా వెనక కూర్చుంది.

తలుపు తీసిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. తల నెరిసి, కళ్ళద్దాలతో, చేతులకి పిండి అంటుకుని ఉంది. నన్ను దాటి వెనకాల ఉన్న అత్తని చూసింది. ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టింది.

"వదినా" అంది. "ఆయన ఏం తప్పు చేశాడో చెప్పడానికొచ్చావా? ఆఖరి రోజుల్లో కూడా అదే అడిగేవాడు. ఊరికే కోపం తెచ్చుకునే మనిషి కాదు అక్క, నేనే ఏదో చేసి ఉంటాను, నాకే గుర్తు రావట్లేదు అనేవాడు."

అత్త నా వైపు చూసింది. నేను గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పాను, హాల్ టికెట్ దగ్గర్నుంచి కుళాయి దగ్గర మామయ్యకి అబద్ధం చెప్పిన దాకా. మామయ్య భార్య మధ్యలో ఆపలేదు. అయిపోయాక నన్ను ఏమీ అనలేదు కూడా. పిండి చేతుల్తోనే అత్త చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. లోపల ఇద్దరి ఏడుపూ వినిపించింది. నన్ను రమ్మనిగానీ, వెళ్ళమనిగానీ ఎవరూ అనలేదు. చాలాసేపు ఆ గుమ్మం బయటే నిలబడి ఉన్నాను.